రెండు ఎడమ చేతుల కోటు

మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి, పాత సామాన్ల వేలంశాలలో, అద్దాలున్న మూడు తలుపుల బీరువా ఒకటి, వాన తగ్గేదాకా తలదాచుకుందామని లోపలికొచ్చిన ఒక పెద్దమనిషికి అమ్ముడుపోయింది. ఆయన పాట పాడలేదు. చేయెత్తలేదు. ఒక మూల నిలబడి గొడుగు దులుపుకుంటున్నాడు, అంతే. వేలం పాడించే ఆయన ఇంకా రెండోసారి అననైనా అనకముందే, ఆయన కుడిచేయి దానంతటదే వెనక్కి మెలితిరిగి, అక్కణ్ణుంచి పక్కకు జారి, చెక్క సుత్తి బల్లమీద ఠపీమని పడింది. ఆ వేలంశాలలో సుత్తి ఎవరివైపు చూస్తూ పడితే సరుకు వాళ్ళది. అది గొడుగు వైపు చూస్తూ పడింది. పెద్దమనిషి బీరువాను ఒకసారి, బయట వానను ఒకసారి చూసి, "బండి ఎక్కడ దొరుకుతుందండీ" అని అడిగాడు.

తప్పు సుత్తిది కాదు, చేతిదీ కాదు. ఆ ఉదయమే కొత్తగా తొడుక్కున్న కోటుది. బీరువాను బయటికి మోసుకెళ్తుంటే, దాని మధ్య తలుపు అద్దంలో వేలం పాడించే పెద్దాయన తనను తాను నిలువెత్తున చూసుకున్నాడు. నీలం మీద సన్నటి బూడిదరంగు గళ్ళు. చక్కటి కాలరు. బిగువైన నడుము. ఆ కోటుకు రెండూ ఎడమ చేతులే.

కోటు చేయి గొట్టంలా తిన్నగా ఉండదు. మోచేతి దగ్గర కొంచెం ముందుకు వంగి ఉంటుంది, మనిషి చేయి లాగే. ఎడమదాన్ని తెచ్చి కుడివైపు కుడితే అది వెనక్కి వంగుతుంది. అప్పుడు లోపలున్న మనిషి ఒకవైపు, కోటు ఒకవైపు లాక్కుంటూ ఉంటారు. సాధారణంగా మనిషే నెగ్గుతాడు. బీరువా దగ్గర మాత్రం కోటు నెగ్గింది.

ఆ కోటు కుట్టిన మాస్టారు ముప్ఫై నాలుగేళ్ళలో ఇలాంటి పని ఎన్నడూ చేయలేదు. జిరాక్సు దుకాణానికీ చెప్పులు కుట్టే కొట్టుకూ మధ్య, మేడమెట్ల కింద ఇరుక్కుని ఉంటుంది ఆయన దుకాణం. పొడుగాటి కటింగు బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీపెట్టె, ఒక స్టూలు. స్టూలు మీద మాస్టారి భార్య కూర్చుని గుండీలకు కాజాలు కుడుతూ ఉంటుంది. వీధిలో అందరూ ఆవిణ్ణి కాజాలమ్మ అంటారు. దుకాణంలో మాటల పని ఆవిడది, కత్తెర పని ఆయనది. పెళ్ళినాడు చేసుకున్న ఈ పంపకాన్ని ఇద్దరూ ఎప్పుడూ మీరలేదు.

మాస్టారికి పని నేర్పింది మేనమామ. ఆయనా మాటల మనిషి కాదు. తప్పు కోస్తే చెక్కస్కేలుతో వేళ్ళమీద ఒకటి వేసేవాడు, ఒప్పు కోస్తే వేసేవాడు కాదు. చదువంతా అదే. అలా నేర్చిన చేయి కావడం వల్ల మాస్టారి చేతికి తలతో పెద్దగా సంబంధం లేదు. గుడ్డ పరిచాక చేయి వెళ్ళిపోయేది, ఆయన దాని వెనకే నడిచేవారు. "మా ఆయన తల వేసవిలో వరండా లాంటిది. ఖాళీగా, చల్లగా, గాలి బాగా ఆడుతూ ఉంటుంది" అని కాజాలమ్మ పదిమందిలోనూ గర్వంగా చెప్పుకునేది.

ఆ వరండాలోకి సొంత అన్నగారి కొడుకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

వాడికి ముప్ఫై నాలుగేళ్ళు. నడినెత్తిన జుట్టు పలచబడినా ఇంట్లో ఇంకా చిన్నాయే. తూనికలు కొలతల ఆఫీసులో గుమస్తా. దుకాణాల తక్కెడలకు ముద్రలు వేయించే పని. పగలంతా ఇనప తూకంరాళ్ళ మధ్య ఉండటం వల్లనో ఏమో, సాయంత్రమయ్యేసరికి వాడికి బరువు లేని విషయాలమీద మనసు పోయేది. పదేళ్ళనుంచి కథలు రాస్తున్నాడు. మొదట్లో బాగానే ఉండేవి. ఒక మనిషి ఉండేవాడు, అతనికి ఏదో ఒకటి జరిగేది, చివర్లో అతను ఇంటికి వచ్చేవాడు. కాజాలమ్మ రెండు మూడు చదివి కళ్ళు కూడా తుడుచుకుంది.

రెండేళ్ళ కిందట చిన్నా ఒక పఠన బృందంలో చేరాడు. గ్రంథాలయం వెనక గదిలో ఆదివారం నాలుగింటికి కలుస్తారు. రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు ఒకాయన దానికి పెద్ద. నూరేళ్ళ కిందట దేశదేశాల ఆధునికులు ఏం చేశారో ఆయన నోటికి వచ్చు. కథలో సంఘటన ఉండకూడదు, ఉన్నా జరగకూడదు. కాలం వరసగా నడవకూడదు. మనిషి బయట చేసేది కాదు, లోపల పారేది రాయాలి. దీని పేరు చైతన్య స్రవంతి. బృందంలో అందరూ పారిస్తున్నారు. ఒకాయన నవలలో కథానాయకుడు కుర్చీలోంచి లేవడానికి తొంభై పేజీలు పట్టింది. తొంభై ఒకటో పేజీలో మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజు చప్పట్లు ఆగలేదట.

చిన్నా మాత్రం వెనకబడ్డాడు. ఎంత వద్దనుకున్నా వాడి కథల్లో ఏదో ఒకటి జరిగిపోయేది. ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీకు ఒక మామూలు మనిషి కావాలి. అతి మామూలు మనిషి. అతని ఒక రోజు కావాలి. అతని లోపల సముద్రం ఉంటుంది. అక్కడికి దిగండి" అని సలహా ఇచ్చాడు. అతి మామూలు మనిషి అనగానే చిన్నాకు బాబాయి తప్ప ఎవరూ తట్టలేదు. పది రోజులు సెలవు పెట్టి, నోటుపుస్తకం పట్టుకుని దుకాణానికి వచ్చి, ఇస్త్రీపెట్టె పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"బాబాయ్, ఇప్పుడేం ఆలోచిస్తున్నావు?"

మాస్టారు ప్యాంటు నడుముపట్టీ కోస్తున్నారు. "ఏం లేదురా."

"ఏమీ లేకుండా ఎలా ఉంటుంది? మనిషన్నాక లోపల ఏదో ఒకటి పారుతూ ఉంటుంది."

మాస్టారు కత్తెర ఆపి, నిజంగానే వెతికారు. "కాఫీ తాగి చాలాసేపైనట్టుంది. అదేనేమో మరి."

చిన్నా రాసుకున్నాడు. శూన్యం. ఆపైన కాఫీ. నలుపు.

పది నిమిషాలకోసారి ఇదే ప్రశ్న. చెవి దగ్గర జోరీగ అయినా మధ్యలో ఎక్కడో వాలుతుంది, వీడు వాలడు. కాజాలమ్మ కాజా కుడుతూ కుడుతూ తలెత్తింది.

"నన్నడగవేంరా? నా దగ్గర బోలెడున్నాయి. నా పెళ్ళిలో మీ అమ్మ అన్న మాట దగ్గర్నుంచి మొదలుపెట్టమంటావా?"

"నువ్వొద్దులే పిన్నీ. నవలకి మాట్లాడని మనిషే కావాలి."

"ఓహో. మాట్లాడేవాళ్ళకి లోపలేమీ ఉండదన్నమాట."

"ఉంటుంది. కానీ నువ్వే చెప్పేస్తావుగా. ఇక నేను కనిపెట్టేదేముంది?"

"బాగుందిరా వరస. చెప్పేవాళ్ళని వదిలేసి చెప్పనివాళ్ళ నోరు పెగలదీయడమా సాహిత్యమంటే?"

మూడు రోజులు మాస్టారు "ఏం లేదురా" అనే చెప్పారు. నాలుగోనాటికి ఆయనకు జాలేసింది. పాపం, పిల్లాడు సెలవు పెట్టుకుని వచ్చాడు. ఉత్తచేతులతో ఎలా పంపడం? ఏదైనా దొరికితే ఇద్దామని, జీవితంలో మొట్టమొదటిసారి ఆయన తన తలలోకి తొంగిచూశారు. ఏమీ లేకపోయినా బాగుండేది. ఉంది. ఆరేళ్ళప్పుడు మింగేసిన ఎర్ర గుండీ ఒకటి అక్కడ మెరుస్తోంది.

"చిన్నప్పుడు ఒక ఎర్ర గుండీ మింగానురా" అన్నారు.

చిన్నా కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమైంది తర్వాత?"

"అదే గుర్తురావడం లేదు."

"వెతుకు బాబాయ్. తొందరేం లేదు. నీ పని నువ్వు చేసుకుంటూనే వెతుకు."

అప్పుడు మాస్టారి చేతిలో ఉన్న పని, వేలం పెద్దాయన గళ్ళ కోటు. మామూలు గుడ్డయితే మడత పెట్టి రెండు చేతులూ ఒక్కసారే కోస్తారు, ఒకటి కుడిది ఒకటి ఎడమది వాటంతటవే వస్తాయి. గళ్ళ గుడ్డకు అలా కుదరదు. గడికి గడి కలవాలంటే ఒకటి కోసి, దాన్ని బోర్లించి, ఆ కొలతకు రెండోది కోయాలి. ఆ బోర్లించే క్షణంలో మాస్టారు ఎర్ర గుండీ వెంట ఎక్కడో పెరట్లో తిరుగుతున్నారు. బోర్లించలేదు. కుట్టేటప్పుడైనా తెలియాలి కదా అంటారా? కుట్టేటప్పుడు ఆ గుండీ ఎవరి చొక్కాదా అని వెతుకుతున్నారు. మధ్యలో ఒకసారి తొడిగి చూసుకోవడానికి రమ్మంటే వేలం పెద్దాయన తీరిక లేదన్నాడు. కోటు తయారయ్యాక మనిషిని పంపి తెప్పించుకున్నాడు. తరువాతి సంగతి బీరువాకు తెలుసు.

బుధవారం ఆయన కోటు చేతిమీద వేసుకుని దుకాణానికి వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"మాస్టారూ, నాకు కుడిచేయి ఉందండీ. పుట్టినప్పట్నుంచీ ఉంది. మీరే చాలాసార్లు కొలిచారు."

మాస్టారు కోటు చూసి తెల్లబోయారు. కాజాలమ్మ నోట్లో ఉన్న దారం అలాగే ఉండిపోయింది.

"వచ్చే సోమవారం పాత సినిమాహాలు సామానంతా వేలానికి వస్తోంది. మూడొందల కుర్చీలు. మూడొందలసార్లు సుత్తి ఎత్తాలి. ఈ కోటుతో ఎత్తితే ఊరందరికీ తలా ఒక కుర్చీ వెళ్తుంది. సోమవారం పొద్దున్న తొమ్మిదికి నాకు కుడిచేయి కావాలి."

ఆయన వెళ్ళాక మాస్టారు బల్ల కింద మిగుళ్ళ సంచీ తీశారు. గళ్ళ గుడ్డలో మిగిలింది ఒక్క ముక్క. ఒక కోటు చేయికి సరిపోతుంది, వేలెడు కూడా ఎక్కువ లేదు. ఆ గుడ్డ వేలం పెద్దాయన ఏదో ప్రయాణంలో కొనితెచ్చుకున్నది, దాన్ని నేసిన మిల్లు మూతబడి రెండేళ్ళయింది. అంటే ఒక్క కోత. అది చెడితే కోటు చెడినట్టే, దాంతోపాటు ముప్ఫై నాలుగేళ్ళ పేరూను.

అంతకంటే కష్టమైన పనులు ఆయన కునికిపాట్లు పడుతూ చేశారు. గురువారం ముక్క పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర ఎత్తారు. ఎత్తగానే తలలో ఎవరో అన్నారు. అతడు కత్తెర ఎత్తాడు. ఎందుకెత్తాడు?

మాస్టారు కత్తెర దించారు. మళ్ళీ ఎత్తారు. అతడు మళ్ళీ ఎత్తాడు. గొంతు అచ్చం చిన్నాదే. చేయి గీత దగ్గరికి వెళ్ళి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ బొటనవేలు ఎక్కడుండాలో ఆయనకు తెలియదు, బొటనవేలికే తెలుసు. ఇప్పుడు ఆయన అడుగుతున్నారు, అది నీళ్ళు నములుతోంది.

శుక్రవారం పాత న్యూస్‌పేపరు మీద కోసి చూసుకున్నారు. మోచేతి వంపు దగ్గర పేపరు మెట్లుమెట్లుగా వచ్చింది. కాజాలమ్మ దాన్ని తీసి చూసి, మడిచి పెట్టింది. కోత పోయిన మాస్టారికి మిగిలేదేమిటి? చిరిగిన జేబులు, పాడైన జిప్పులు, పొడుగు తగ్గించే ప్యాంట్లు. అవి కుట్టడానికి మాస్టారు అక్కర్లేదు, సూది ఉంటే చాలు.

చిన్నాకు మాత్రం పండగలా ఉంది. "ఇదే బాబాయ్ నాక్కావలసింది. కదలలేని చేయి. ఆధునిక మానవుడి సంక్షోభం." రాస్తూనే ఉన్నాడు.

కాజాలమ్మ సూది పక్కన పెట్టింది. "చిన్నా, నీ నవల ఎంతదాకా వచ్చింది?"

"సంక్షోభం దగ్గరికొచ్చింది పిన్నీ."

"మాకు బుధవారమే వచ్చింది. చూడు నాన్నా, ఆయన బుర్రలోకి వెళ్ళావు, బాగానే ఉంది. వచ్చేటప్పుడు తలుపేసి రావద్దూ? అప్పట్నుంచీ గాలికి టపటపా కొట్టుకుంటోంది."

చిన్నా మొదటిసారి నోటుపుస్తకం మూశాడు. బల్లమీద గళ్ళ గుడ్డను, బాబాయి చేతిని చూశాడు. వాడు చెడ్డవాడేమీ కాదు. "నా వల్లనా పిన్నీ?" అన్నాడు చిన్నగా.

"ఎవరి వల్లనని ఇప్పుడు తేల్చుకుంటే చేయి వస్తుందా? ఆ పుస్తకం తీసుకుని ఇంటికెళ్ళి రాసుకో."

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "బాబాయ్, ఆదివారం చదువుతున్నాను. ముందు వరసలో కూర్చోవాలి నువ్వు. రాయడానికి అంతా నువ్వే ఇచ్చావు."

శనివారం వాడు రాకపోయినా, వాడి గొంతు వచ్చింది. ఆదివారం పొద్దున్నా వచ్చింది. అతడు సుద్ద పట్టుకున్నాడు. సుద్ద తెల్లగా ఉంది. మూడింటికి కాజాలమ్మ ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది. "వెళ్ళి రండి. పొద్దుట్నుంచీ ఆ గుడ్డను అలా చూస్తుంటే దానికే సిగ్గేస్తోంది."

గ్రంథాలయం వెనక గదిలో పదకొండుమంది ఉన్నారు. కిటికీ తలుపు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు, పంకా తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ప్రొఫెసరు ముందుకు వచ్చి చైతన్యం గురించి పావుగంట మాట్లాడి, చదివేవాడికి పక్కగా, మాస్టారికి ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చున్నాడు. చిన్నా గొంతు సవరించుకున్నాడు. చేతిలో అరవై నాలుగు పేజీలు. మొదలుపెట్టాడు.

"కత్తెర. కాదు, కత్తెర కాదు. కత్తెర కోసం ఎదురుచూపు. ఎదురుచూపు కూడా కాదు. గుండీ. ఎర్రగా. సముద్రం అడుగున ఎర్రగా..."

ఎవరో "ఆహా" అన్నారు.

మాస్టారు మర్యాదగా విన్నారు. మొదటి ఐదు పేజీలు తన గురించే కదా అని చెవులు రిక్కించి విన్నారు. కథలోని దర్జీకి తండ్రంటే భయమట, రోజూ సాయంత్రం సముద్రం పిలుస్తుందట, ప్రతి గుడ్డలోనూ తన శవం మీద కప్పే బట్ట కనిపిస్తుందట. మాస్టారి నాన్నగారు పరమ సాధువు. ఆయన సముద్రం చూసింది ఒకే ఒక్కసారి, అదీ కదిలే బస్సులోంచి. గుడ్డలో ఆయనకు గుడ్డే కనిపిస్తుంది. అయినా పిల్లాడు రాసుకున్నాడు, రాసుకోనీ.

పదో పేజీకి దర్జీ ఇంకా కత్తెర వైపు చూస్తున్నాడు. పదిహేనో పేజీలో చూడటం మానేసి, చూడటం గురించి ఆలోచిస్తున్నాడు. గదిలో ఎవరో ఆవలింతను దగ్గుగా మార్చారు. ఇరవయ్యో పేజీకి మాస్టారి చెవుల్లోకి మాటలు వస్తున్నాయి గానీ లోపల దిగడం లేదు, చూరు నీళ్ళలా అంచునుంచే జారిపోతున్నాయి. ఆయన తలలో ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోసాగారు. ముందు సముద్రం వెళ్ళింది. తర్వాత ఎర్ర గుండీ. చివరికి, కత్తెర ఎత్తినప్పుడల్లా పలికే ఆ గొంతు కూడా, ఎదురుగా తనే ఇంత గట్టిగా చదువుతుండగా ఇక లోపల తన పనేమిటనుకుందో ఏమో, ఊరుకుంది.

ఖాళీ కళ్ళతో మాస్టారు ఎదుటి కుర్చీ వైపు చూస్తున్నారు. అక్కడ ప్రొఫెసరు కోటు ఉంది. కుడిభుజం ఎడమదానికంటే అరంగుళం కిందకు ఉంది. సంచీ మోసే మనిషి. ఎవరు కుట్టారో గానీ రెండు భుజాలూ ఒక్క కొలతకే కోశారు. అందుకే చంక కింద ముడత. పైన కాస్త తగ్గించి, వెనకవైపు పిసరంత వదిలి, మోచేతి దగ్గర వంపు మొదలుపెట్టే చోటు అరంగుళం కిందికి జరిపితే...

మోకాలిమీద ఆయన చూపుడువేలు కదులుతోంది. భుజం నుంచి దిగి, మోచేతి దగ్గర వంగి, మణికట్టు దగ్గరికి వచ్చి ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది. ఆ గీతలో ఎక్కడా మెట్లు లేవు. అది ప్రొఫెసరు చేయి కూడా కాదు ఇప్పుడు. పొట్టి మెడ, వెడల్పు ఛాతీ, సుత్తి ఎత్తడానికి అలవాటుపడిన కుడిచేయి.

మాస్టారు లేచారు. కుర్చీ కిర్రుమంది. పదకొండు తలలూ తిరిగాయి. చిన్నా ముప్ఫై ఒకటో పేజీలో ఉన్నాడు. అందులో దర్జీ గుడ్డ ముందు రాయిలా నిలబడిపోయి, ఇక ఈ జన్మలో కదలలేడని తెలుసుకుంటున్నాడు. మాస్టారు గుమ్మం దాటారు.

దుకాణంలో కాజాలమ్మ తలెత్తి ఆయన నడక చూసి, బల్లమీదున్న సామానంతా ఒక్క తోపుతో పక్కకు జరిపింది. ఆయన చెప్పులు కూడా విప్పలేదు. గళ్ళ ముక్క పరిచారు. కోటు కుడివైపునుంచి విప్పిన ఎడమ చేయిని తెచ్చి, బోర్లించి, గడికి గడి కలిపి పెట్టారు. గురువారం గీసిన సుద్దగీతను అరచేత్తో తుడిచేసి కొత్తది గీశారు. తర్వాత కత్తెర చప్పుడు వినిపించింది, ఆగకుండా, ఒకే దమ్ములో, మణికట్టు దగ్గర మొదలై భుజం దాకా. కోసేటప్పుడు ఆయన ఏం ఆలోచించారో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

కాజాలమ్మ ముక్క తీసుకుని కోటు పక్కన ఆనించి చూసింది. వంపు ముందుకు తిరిగి ఉంది. గళ్ళు కలిశాయి.

"కుడిదే" అంది. అని, ఎందుకో కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ చేయి కోటుకు ఎక్కుతుండగా చిన్నా వచ్చాడు. చంకలో అరవై నాలుగు పేజీలు, ముఖం ముడుచుకుని ఉంది. మిషను ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అందరూ ఉన్నారు బాబాయ్. ప్రొఫెసరుగారు కూడా చూశారు. నీ గురించి రాసింది నేను చదువుతుంటే, నువ్వే సగంలో లేచి వెళ్ళిపోతే ఎలా?"

మాస్టారు దారం కొరికి, కోటు దులిపి, వాడి వైపు ప్రేమగా చూశారు.

"ఏం చేయనురా చిన్నా, నువ్వు చదువుతుంటే పని చేసుకోబుద్ధయింది, ఆపుకోలేకపోయాను."